మీరు నొక్కిన నంబర్ ఎక్కడికి వెళ్తోంది? ఆపరేటర్‌ను నమ్మని స్ట్రోజర్ కథ, మీ ఆఫీసు ఫోన్ చేసే తప్పులు

ఇలా అనుకోండి. మీ ఆఫీసు డెస్క్ ఫోన్ నుంచి ముంబయికి కాల్ వెళ్తోంది. విజయవాడకూ వెళ్తోంది. విశాఖపట్నానికి మాత్రం వెళ్లడం లేదు. కొన్ని మొబైల్ నంబర్లకూ ఇదే పరిస్థితి. ఎన్నిసార్లు చేసినా, నంబర్ సరిచూసుకోమని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. అదే నంబర్‌కు మీ సెల్‌ఫోన్ నుంచి చేస్తే రెండో రింగుకే ఎత్తుతున్నారు.

లైను బాగుంది. ఫోన్ బాగుంది. అవతలి మనిషీ ఉన్నారు. మరి తప్పు ఎక్కడుంది?

ఇలాంటప్పుడు చాలాసార్లు తప్పు మధ్యలో ఉన్న ఒక పెట్టెలో ఉంటుంది. దాన్ని వాయిస్ రౌటర్ అంటారు. ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్లు, కాల్ సెంటర్లలో లోపలి ఫోన్లను బయటి టెలిఫోన్ లైన్లతో కలిపేది ఇదే. మీరు నొక్కిన అంకెలను ఇది ఉన్నవి ఉన్నట్టు బయటికి పంపదు. కొన్నింటిని తీసేస్తుంది, కొన్నింటిని చేరుస్తుంది. ఏ అంకెలు వస్తే ఏం చేయాలో చెప్పే సూచనలు ముందే రాసి ఉంటాయి. వాటినే ట్రాన్స్‌లేషన్ రూల్స్ అంటారు. అంటే నంబర్‌ను మార్చే నియమాలు.

ఈ నియమాల్లో ఒక చిన్న పొరపాటు జరిగితే మీ కాల్ దారి తప్పుతుంది. ఆ పొరపాటును ఎలా పట్టుకోవాలో తెలుసుకునే ముందు ఒక మనిషి గురించి తెలుసుకోవాలి. తన కాల్స్ వేరేవాళ్లకు వెళ్తున్నాయన్న కోపంతో టెలిఫోన్ ప్రపంచాన్నే మార్చేసిన ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్ ఆయన.

ఎవరీ స్ట్రోజర్?

స్ట్రోజర్ ఇంజినీర్ కాదు. 1839 ఫిబ్రవరి 11న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, రాచెస్టర్ నగరానికి దగ్గరున్న పెన్‌ఫీల్డ్‌లో పుట్టారు. అమెరికా అంతర్యుద్ధంలో న్యూయార్క్ అశ్వికదళంలో చేరి, సైనికులకు సంకేతాలిచ్చే బూర ఊదారు. యుద్ధం ముగిశాక కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. తర్వాత అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారంలోకి దిగారు. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో, ఆ తర్వాత మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో ఈ వ్యాపారం చేశారు.

మన ఊళ్లలో ఇంట్లో ఎవరైనా పోతే బంధువులు, ఇరుగుపొరుగు వచ్చి అన్నీ చూసుకుంటారు. అక్కడ ఆ పనంతా ఒక వ్యాపారి చూస్తారు. శవపేటిక, బండి, ఖననం అన్నీ ఆయన బాధ్యతే. టెలిఫోన్ వచ్చాక, మరణం జరిగిన ఇంటివాళ్లు మొదట చేసే కాల్స్‌లో ఒకటి ఆయనకే వెళ్లేది. ఆ ఒక్క కాల్ పోతే ఆ పని పోయినట్టే. ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లు తమకు ఎవరు దొరికారో వారికే పని అప్పగిస్తారు. రెండోసారి ప్రయత్నించే ఓపిక వాళ్లకు ఉండదు.

ఆపరేటర్ చేతిలో ఏముండేది?

అప్పట్లో ఫోన్‌కు డయల్ లేదు, బటన్లు లేవు. ఫోన్ ఎత్తితే ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ పలికేవారు. ఎవరు కావాలో చెబితే, ముందున్న బోర్డు మీద తీగను ఆ మనిషి లైనుకు గుచ్చేవారు. చిన్న ఊళ్లలో జనం నంబర్ కూడా చెప్పేవారు కాదు. ఫలానా డాక్టర్, ఫలానా కొట్టు అంటే చాలు. ఎవరి లైను ఎక్కడుందో ఆపరేటర్‌కు కంఠతా వచ్చు.

నంబర్లు పుట్టడం వెనుకా ఒక భయం ఉంది. 1879లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణంలో తట్టు వ్యాపించింది. ఉన్న నలుగురు ఆపరేటర్లూ ఒకేసారి మంచాన పడితే, కొత్తగా వచ్చేవాళ్లకు పేర్లు, లైన్లు ఎలా తెలుస్తాయని ఒక డాక్టర్ ఆలోచించారు. చందాదారులందరికీ నంబర్లు ఇవ్వమని సలహా ఇచ్చారు. అంటే ఫోన్ నంబర్ పుట్టిందే ఆపరేటర్ జ్ఞాపకశక్తి మీద పూర్తిగా ఆధారపడకుండా ఉండటానికి.

అయినా తీగను గుచ్చే చెయ్యి మాత్రం మనిషిదే. ఎవరి కాల్ ఎవరికి కలపాలన్నది ఆ చేతిలోనే ఉండేది. లైను ఖాళీగా ఉన్నా ఖాళీ లేదని చెప్పగలిగేది కూడా ఆ మనిషే.

నిజంగా ఆపరేటరే కారణమా?

స్ట్రోజర్ గురించి ఎక్కువగా చెప్పుకునే కథ ఇది. ఆయనకు పోటీగా అదే ఊళ్లో మరో వ్యాపారి ఉన్నారు. ఆ వ్యాపారి బంధువే ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. స్ట్రోజర్ కావాలని ఎవరైనా అడిగితే ఆమె తన బంధువుకు కలిపేవారట. తనకు బాగా తెలిసిన ఒక కుటుంబం అంత్యక్రియలు పోటీదారుడి చేతికి వెళ్లాయని పేపర్లో చదివాక ఆయనకు అనుమానం బలపడిందట.

ఈ కథను ఒకరు ఒక ఊరిలో జరిగినట్టు చెబితే, మరొకరు ఇంకో ఊరి పేరు చెబుతారు. ఆపరేటర్ పోటీదారుడి భార్య అని కొందరు, బంధువు అని కొందరు అంటారు. కాబట్టి ఇందులో అతిశయం పాలు ఎంతో కొంత ఉందనే అనుకోవాలి.

దీనికి పక్కనే ఇంకో కథనం ఉంది. దాని ప్రకారం, స్ట్రోజర్ గోల పడలేక ఫోన్ కంపెనీ వాళ్లు ఆయన దుకాణానికి వచ్చి చూశారు. గోడకు ఒక రేకు బోర్డు వేలాడుతోంది. తలుపు తీసినప్పుడల్లా గాలికి ఊగి ఫోన్ తీగల కొసలకు తగులుతోంది. తగిలినప్పుడు లైను షార్ట్ అయి, కాల్స్ రావడం ఆగిపోతోంది. బోర్డు ఊగడం ఆగగానే మళ్లీ అంతా మామూలే.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే ఆధారం లేదు. కానీ ఫోన్ సమస్యలతో తల పట్టుకునే ఎవరికైనా రెండో కథ బాగా పనికొస్తుంది. కాల్ రాకపోతే మనకు ముందు మనిషి మీద అనుమానం వస్తుంది. తప్పు మాత్రం గోడ మీది రేకు బోర్డులో ఉండవచ్చు. ఈ విషయం గుర్తుంచుకోండి, మీ ఆఫీసు ఫోన్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

గుండ్రని డబ్బా, గుండుసూదులు

కారణం ఏదైనా, స్ట్రోజర్ ఒక నిర్ణయానికి వచ్చారు. ఎవరికి కలపాలో నిర్ణయించే పని మధ్యలో ఎవరికీ ఉండకూడదు. ఆ పని కాల్ చేసే మనిషి చేతిలోనే ఉండాలి.

అప్పట్లో చొక్కా కాలర్లను గుండ్రని అట్టడబ్బాల్లో దాచుకునేవారు. అలాంటి డబ్బాకు వరసలుగా గుండుసూదులు గుచ్చి, మధ్యలో పెన్సిల్ పెట్టి ఆయన మొదటి నమూనా తయారు చేశారని చెబుతారు. ఒక్కో సూది ఒక్కో చందాదారుడి లైను. మధ్యలోని పెన్సిల్ మీటలాగా పైకి లేచి, పక్కకు తిరిగి కావలసిన సూదిని తాకాలి.

తర్వాత స్థిరపడిన యంత్రం కూడా ఈ ఆలోచన మీదే నడిచింది. పది అంతస్తులు, ఒక్కో అంతస్తులో పది గదులు ఉన్న మేడను ఊహించుకోండి. మీరు 47 అని పంపారు. మొదటి అంకెకు మీట నాలుగు మెట్లు పైకి ఎక్కుతుంది. రెండో అంకెకు ఏడు అడుగులు పక్కకు తిరుగుతుంది. అక్కడున్న తీగ 47వ చందాదారుడిది. నూరు మందికి ఈ ఒక్క మీట చాలు. అంతకంటే ఎక్కువమంది ఉంటే ఒక మీట తర్వాత మరో మీట పెట్టుకుంటూ పోవాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. స్ట్రోజర్ యంత్రంలో నంబర్‌కు, దారికి తేడా లేదు. మీరు పంపిన ప్రతి అంకె యంత్రాన్ని నేరుగా కదిలిస్తుంది. మధ్యలో దాన్ని చదివేవాళ్లు లేరు, మార్చేవాళ్లు లేరు.

1889 మార్చి 12న ఆయన పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. 1891 మార్చి 10న అమెరికా పేటెంట్ నంబర్ 4,47,918 ఆయనకు దక్కింది. అదే ఏడాది మేనల్లుడో, అన్న కొడుకో అని రకరకాలుగా చెప్పే వాల్టర్ స్ట్రోజర్, వ్యాపారవేత్త జోసెఫ్ హారిస్ తదితరులతో కలిసి చికాగోలో కంపెనీ పెట్టారు.

లా పోర్ట్‌లో మొదటి కాల్

ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ చిన్న పట్టణం. బెల్ కంపెనీతో పేటెంట్ వివాదంలో స్థానిక టెలిఫోన్ సంస్థ ఓడిపోవడంతో ఆ ఊరికి ఫోన్ సౌకర్యం లేకుండా పోయింది. స్ట్రోజర్ కంపెనీకి అదే అవకాశమైంది. 1892 నవంబర్ 3న అక్కడ ప్రపంచంలో మొట్టమొదటి వాణిజ్య ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. చికాగో నుంచి ప్రత్యేక రైలులో అతిథులు వచ్చారు. మొదట్లో చందాదారులు సుమారు 75 మంది.

వాడటం మాత్రం సులువు కాదు. ఫోన్‌కు పదులకు ఒకటి, ఒకట్లకు ఒకటి చొప్పున బటన్లు ఉండేవి. 47 కావాలంటే ఒక బటన్ నాలుగుసార్లు, మరో బటన్ ఏడుసార్లు నొక్కాలి. మధ్యలో లెక్క తప్పితే వేరే ఇల్లు మోగుతుంది. మాట్లాడటం అయ్యాక లైను వదలడానికి ఇంకో బటన్ నొక్కాలి. ఒక్కో ఇంటికి నాలుగైదు తీగలు లాగాల్సి వచ్చేది.

ఒక్కసారి ఆలోచించండి. ఆపరేటర్ చేసే తప్పు పోయింది. దాని స్థానంలో మన వేలు చేసే తప్పు వచ్చింది. ఫోన్ చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంది. తప్పు పోదు, చోటు మారుతుంది.

ఈ బటన్ల బాధను తప్పించింది స్ట్రోజర్ కాదు. ఆయన కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ కీత్, ఎరిక్‌సన్ సోదరులు 1896లో వేలితో తిప్పే డయల్‌ను తయారు చేశారు. మీ ఇంట్లో తాతగారి కాలం నాటి నల్ల ఫోన్ ఉంటే, దాని మీదున్న చక్రానికి మూలం అదే.

ఆయనకు దక్కింది ఎంత?

1896లో స్ట్రోజర్ తన పేటెంట్లను 1,800 డాలర్లకు భాగస్వాములకు అమ్మేశారు. 1898లో కంపెనీలో తన వాటాను 10,000 డాలర్లకు వదులుకున్నారు. ఆరోగ్యం సరిగా లేక ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లిపోయారు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1916లో అవే పేటెంట్లు 25 లక్షల డాలర్లకు బెల్ సంస్థకు చేరాయి. మొదట్లో ఈ యంత్రాన్ని పట్టించుకోని బెల్ సంస్థ, 1919లో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్‌లో ఇదే పద్ధతిలో తన పెద్ద ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్‌ను మొదలుపెట్టింది.

భారత్‌కు ఎప్పుడు వచ్చింది?

మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లు మొదలయ్యాయి. అన్నీ ఆపరేటర్లు కలిపేవే. మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ 1913-14లో సిమ్లాలో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్ట్రోజర్ పద్ధతి ఎక్స్ఛేంజ్‌లను ఇక్కడే తయారు చేసింది. దశాబ్దాల పాటు మన ఊళ్లలో ఎక్స్ఛేంజ్ గదుల్లో టకటకమని వినిపించిన చప్పుడు ఆ మీటలదే.

1960లో లఖ్‌నవూ, కాన్పూర్ మధ్య ఎస్టీడీ మొదలైంది. అంతకుముందు వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చునేవారు. ఎస్టీడీలో ముందు నొక్కే 0కు ఒక అర్థం ఉంది. ఈ కాల్ నా ఊరిది కాదు, బయటికి పంపు అని ఎక్స్ఛేంజ్‌కు చెప్పడమే ఆ సున్నా పని. ఆ తర్వాత 40 వస్తే హైదరాబాద్, 866 వస్తే విజయవాడ, 891 వస్తే విశాఖపట్నం.

అంకెలను మార్చడం ఎప్పుడు మొదలైంది?

ఊరు పెద్దదయ్యేకొద్దీ స్ట్రోజర్ పద్ధతికి ఒక చిక్కు వచ్చింది. నంబరే దారి కాబట్టి, దారి మారితే నంబర్ మార్చాలి. లండన్ లాంటి మహానగరంలో వందల ఎక్స్ఛేంజ్‌లు ఉంటే అది కుదరని పని.

అందుకే 1927లో లండన్‌లోని హాల్‌బోర్న్ ఎక్స్ఛేంజ్‌లో డైరెక్టర్ అనే పరికరం వచ్చింది. చందాదారు తిప్పిన అంకెలను ఇది ముందు తన దగ్గర దాచుకుంటుంది. అవి ఏ ఎక్స్ఛేంజ్‌వో చూస్తుంది. అక్కడికి వెళ్లే దారికి కావలసిన అంకెలను కొత్తగా తయారు చేసి పంపుతుంది. చందాదారుడి నంబర్ అలాగే ఉంటుంది, లోపలి దారి మాత్రం ఎప్పుడైనా మారవచ్చు.

ఇదే నంబర్ ట్రాన్స్‌లేషన్. ఇవాళ మీ ఆఫీసు వాయిస్ రౌటర్ చేస్తున్నదీ ఇదే. స్ట్రోజర్ తీసేసిన మధ్యవర్తి, రాతపూర్వక నియమంగా తిరిగొచ్చి ఆపరేటర్ కుర్చీలో కూర్చున్నట్టు. ఈ మధ్యవర్తికి బంధువులు లేరు, పక్షపాతం లేదు. కానీ రాసినవాళ్లు పొరపాటు చేస్తే, అదే పొరపాటును ప్రతి కాల్‌కూ అలుపు లేకుండా చేస్తుంది.

విశాఖపట్నం కాల్ ఎందుకు వెళ్లలేదు?

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న సమస్యకు వద్దాం.

మీ ఆఫీసు కంప్యూటర్లో కస్టమర్ల నంబర్లు +91తో దాచి ఉన్నాయి. బయటి లైనుకు మాత్రం 0 ముందున్న నంబర్ కావాలి. అందుకని 91ని తీసేయమని ఎవరో ఒక నియమం రాశారు. నంబర్ మొదట్లో 91 ఉంటేనే తీయాలని రాయడం మర్చిపోయారు.

విశాఖ కోడ్ 0891. అందులోనూ 91 ఉంది. రౌటర్ దాన్నీ తీసేస్తుంది. మిగిలింది 08, ఆ వెనుక ఏడంకెల నంబర్. ఆ నంబర్ 2తో మొదలైతే బయటికి వెళ్లేది 082. మైసూరు కోడ్ 0821, మంగళూరు కోడ్ 0824. అంటే విశాఖకు బయల్దేరిన కాల్ కర్ణాటక వైపు తిరిగి, అంకెలు చాలక దారిలోనే ఆగిపోతుంది. మధ్యలో ఎక్కడైనా 91 ఉన్న మొబైల్ నంబర్లకూ ఇదే గతి. చూసేవాళ్లకు ఏ లెక్కా లేకుండా కాల్స్ పోతున్నట్టు ఉంటుంది. లెక్క మాత్రం పక్కాగా ఉంది.

నియమాన్ని నంబర్ మొదటికే పరిమితం చేస్తే సగం పని అయినట్టే. 91తోనే మొదలయ్యే పదంకెల మొబైల్ నంబర్లు కూడా ఉంటాయి. కాబట్టి మొత్తం 12 అంకెలు ఉన్నప్పుడే 91 తీయాలని కూడా చెప్పాలి.

ఎక్కువగా కనిపించే మరికొన్ని తప్పులు ఇవి.

రెండుసార్లు తీసేయడం: బయటి లైను కోసం ముందు 9 నొక్కే ఆఫీసుల్లో ఇది వస్తుంది. కొన్ని రౌటర్లలో ఒక రకం లైను మీద ఆ 9 దానంతటదే పోతుంది. అది తెలియక ఎవరైనా 9ని తీసే నియమం కూడా రాస్తే, మొబైల్ నంబర్ మొదటి 9 కూడా పోతుంది. 6, 7, 8తో మొదలయ్యే మొబైల్ నంబర్లకు కాల్ వెళ్లి, 9తో మొదలయ్యేవాటికి మాత్రమే వెళ్లకపోతే ముందు దీన్నే అనుమానించండి.

సున్నా లేకపోవడం: 2021 జనవరి 15 నుంచి దేశంలో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే ప్రతి కాల్‌కూ ముందు 0 నొక్కడం తప్పనిసరి అయింది. అంతకుముందు రాసిన నియమాలు మారకపోతే కాల్ వెళ్లదు. డెస్క్ ఫోన్‌లో మిస్డ్ కాల్ పదంకెలుగా కనిపించి, దాని మీదే నొక్కి తిరిగి చేస్తే వెళ్లకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

వరస తప్పడం: చాలా రౌటర్లు నియమాలను పైనుంచి కిందికి చూస్తాయి. మొదట ఏది సరిపోతే దాన్నే పాటిస్తాయి, మిగతావాటిని చూడవు. అన్ని నంబర్లకూ వర్తించే నియమం పైన ఉంటే, కింద ప్రత్యేకంగా రాసిన నియమం ఉన్నా లేనట్టే.

తప్పు నంబర్‌ను మార్చడం: ప్రతి కాల్‌లో రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి కాల్ అందుకునేవారిది, ఇంకొకటి చేసేవారిది. ఒకదానికి రాసిన నియమాన్ని రెండోదానికి తగిలిస్తే, కాల్ వెళ్తుంది గానీ అవతలివాళ్ల స్క్రీన్ మీద మీ నంబర్ వంకరగా కనిపిస్తుంది. వాళ్లు తిరిగి చేస్తే మీకు రాదు. లోపలికి వచ్చే కాల్స్‌కు రాసినదాన్ని బయటికి వెళ్లేవాటికి తగిలించినా ఇంతే.

మీరేం చేయాలి?

రౌటర్‌ను ముట్టుకునే పని మీది కాదు. కానీ మీరిచ్చే సమాచారాన్ని బట్టే ఇంజినీర్‌కు పని పది నిమిషాల్లో అవుతుందా, పది రోజులు పడుతుందా అన్నది తేలుతుంది. ఫోన్ పనిచేయట్లేదని మాత్రం చెప్పకండి. రేకు బోర్డు కథ గుర్తుందిగా. ఎప్పుడు పోతోంది, ఎప్పుడు వస్తోంది అన్నదే అసలు ఆధారం.

• మీరు నొక్కిన అంకెలన్నీ రాసుకోండి. ముందు నొక్కిన 9, 0 కూడా వదలొద్దు.
• ఏ ఫోన్ నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు చేశారో రాయండి. రౌటర్ లాగ్‌లో ఆ కాల్‌ను వెతకడానికి సమయమే తాళంచెవి.
• ఏం వినిపించిందో రాయండి. ఎంగేజ్ టోనా, రికార్డు చేసిన గొంతా, ఏమీ వినిపించలేదా, లేక వేరే మనిషి ఎత్తారా?
• అదే నంబర్‌కు మొబైల్ నుంచి చేసి చూడండి. వెళ్తే తప్పు మీ ఆఫీసు వైపు ఉన్నట్టే లెక్క.
• వెళ్లిన నంబర్ ఒకటి, వెళ్లని నంబర్ ఒకటి పక్కపక్కన రాసి ఇవ్వండి. చాలాసార్లు తేడా అక్కడే కంటికి కనిపిస్తుంది.

ఇంజినీర్ వైపు చేయాల్సింది కూడా తెలుసుకోండి. చాలా వాయిస్ రౌటర్లలో కాల్ చేయకుండానే నియమాన్ని పరీక్షించే వీలుంది. ఒక నంబర్ ఇస్తే, ఆ నియమం దాన్ని ఎలా మారుస్తుందో తెర మీద చూపిస్తుంది. అక్కడ సరిగ్గా వచ్చి కాల్ మాత్రం వెళ్లకపోతే, నియమం బాగానే ఉన్నా దాన్ని సరైన లైనుకు తగిలించలేదని అర్థం. ఆ తర్వాత నిజంగా కాల్ చేసి, బయటి లైను మీదికి చివరికి ఏ అంకెలు వెళ్లాయో లాగ్‌లో చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు.

ఒక నియమం సరిచేశాక వెళ్లని నంబర్‌నే కాదు, అంతకుముందు వెళ్లిన నంబర్లనూ మళ్లీ చేసి చూడమని అడగండి. విశాఖను బాగుచేస్తూ విజయవాడను చెడగొట్టడం ఈ పనిలో మామూలే.

ప్రాణం మీదికి వస్తే?

2013 డిసెంబర్‌లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక మోటెల్ గదిలో ఒక మహిళపై దాడి జరిగింది. పక్కనే ఉన్న ఆమె తొమ్మిదేళ్ల కూతురు, అత్యవసరమైతే 911 నొక్కాలని నేర్పినట్టే చేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కాల్ వెళ్లలేదు. ఆ మోటెల్ ఫోన్లలో బయటి లైనుకు ముందు 9 నొక్కాలని ఆ పాపకు తెలియదు. తల్లి చనిపోయింది.

ఆ ఘటన తర్వాత 2018లో అమెరికాలో చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత ఏర్పాటు చేసే ఇలాంటి ఫోన్ వ్యవస్థలన్నింటిలో ముందు ఏ అంకె అవసరం లేకుండా 911 నేరుగా వెళ్లాలి. సాంకేతికంగా చూస్తే ఇందుకు కావలసింది సెట్టింగ్‌లో ఒకటి రెండు వరసల మార్పు మాత్రమే.

మన దగ్గర అత్యవసర నంబర్ 112. అంబులెన్స్‌కు 108. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 సేవలు మొదలైనప్పటి నుంచి ఆ మూడంకెలు తెలుగువాళ్లకు నోటికి వచ్చేశాయి. ఇప్పుడు ఒక హోటల్‌ను ఊహించుకోండి. గది నంబర్లే అక్కడ ఫోన్ ఎక్స్‌టెన్షన్లు. మొదటి అంతస్తులో ఎనిమిదో గది 108, పన్నెండో గది 112. రౌటర్‌లో విడిగా ఏర్పాటు లేకపోతే, గుండెనొప్పితో ఎవరైనా గది ఫోన్ నుంచి 108 నొక్కితే మోగేది పక్క గది.

కాబట్టి మూడు పనులు చేయండి. అత్యవసర పరిస్థితిలో వీలైతే మీ మొబైల్ నుంచే కాల్ చేయండి. హోటల్లో దిగినప్పుడు, ఆసుపత్రి గదిలో చేరినప్పుడు, గది ఫోన్ నుంచి 112కు నేరుగా కాల్ వెళ్తుందా అని రిసెప్షన్‌లో అడగండి. మీ ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో ఫోన్ వ్యవస్థ చూసేవాళ్లను ఇదే ప్రశ్న అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పరీక్ష కోసమని మీరే 112కు ఉత్తుత్తి కాల్స్ చేయకండి. ఆ లైను ఆ క్షణంలో ఇంకొకరికి అవసరం కావచ్చు. ముందుగా రౌటర్‌లోనే కాల్ చేయకుండా పరీక్షించవచ్చు. అసలు కాల్ తప్పదనుకుంటే సంబంధిత సిబ్బందికి ముందే చెప్పి చేయాలి.

చివరికి స్ట్రోజర్ ఏమయ్యారు?

1902 మే 26న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్ట్రోజర్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 63. అక్కడి గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆయన పేరుతో నడిచిన యంత్రాలు ఆ తర్వాత ముప్పావు శతాబ్దానికి పైగా ప్రపంచమంతటా పనిచేశాయి. ఇప్పుడు అవి మ్యూజియంలలో ఉన్నాయి.

ఆయన కోరిక మాత్రం పాతబడలేదు. చావు జరిగిన ఇంటివాళ్లు ఎవరికి ఫోన్ చేయాలనుకుంటే వాళ్లకే ఆ ఫోన్ మోగాలి అన్నదే ఆయన పట్టుదల. ఆ మాట నిలబెట్టే బాధ్యత ఒకప్పుడు ఆపరేటర్‌ది, తర్వాత ఆయన మీటది. ఇవాళ మీ ఆఫీసులో ఏదో మూల వెలుగుతున్న పెట్టెలో ఎవరో రాసిన నాలుగు వరసలది. ఆ వరసలను చివరిసారి ఎవరు, ఎప్పుడు సరిచూశారో రేపు ఆఫీసుకు వెళ్లగానే ఒకసారి అడిగి చూడండి.